హల్లులు వర్ణమాల వరుసలో ఉన్న మాటలు వెతకడం: లూప్ లేకుండా నంపైలో ఎలా?

కావలి_మాస్టారు
మా ఏడో తరగతి పిల్లల కోసం మాటల ఆట ఒకటి తయారుచేస్తున్నా. హల్లులు వర్ణమాల క్రమంలోనే వచ్చే మాటలు పట్టుకోవాలి. గూడూరు తీసుకోండి: గ, డ, ర. ఒకదాని తర్వాత ఒకటి ముందుకే పోతున్నాయి, కాబట్టి పాస్. గుణింతాలు, అచ్చులు పట్టించుకోం. ఒత్తు ఉంటే దాన్ని కూడా మామూలు హల్లుగానే లెక్కేస్తాం.

ముందు నెల్లూరు, ప్రకాశం మండలాల పేర్లతో చేశా. తర్వాత పాత వ్యాసాలు కలిపిన పెద్ద టెక్స్ట్ ఫైలు ఒకటుంది, దాంట్లోంచి మాటలు తీయాలి. పైథాన్‌లో ఒక్కో అక్షరాన్ని పక్కదానితో పోల్చే లూప్ మండలాలకు బాగానే సరిపోయింది. పెద్ద ఫైలు దగ్గర మాత్రం ఎంతసేపటికీ కదలదు. నంపై అనే పైథాన్ లైబ్రరీలో మొత్తం ఒకేసారి చెయ్యొచ్చని విని, ఒక్కో అక్షరానికి యూనికోడ్ ఇచ్చిన కోడ్ నంబర్లు అర్రేలో (సంఖ్యల వరుసలో) పెట్టి, డిఫ్‌తో పక్కపక్క వాటి తేడాలు తీసి, తేడాలన్నీ సున్నా కంటే ఎక్కువుంటే పాస్ అని రాశా.

ఇప్పుడు కావలి కూడా పాస్ అంటోంది. క తర్వాత వ సరే, వ తర్వాత ల ఎలా ముందుకు పోయినట్టు? లూప్ ఫెయిల్ అంటోంది, అర్రే పాస్ అంటోంది. తేడా ఎక్కడుంది?

సున్నా_నుంచి
అర్రే డీటైప్ ఏంది, అంటే లోపల ఏ రకం సంఖ్యలున్నాయి? ప్రింట్ చేసి చెప్పండి మాస్టారూ.

కావలి_మాస్టారు
యూఇంట్32 అని వచ్చింది. స్ట్రింగ్‌ని ఒక్కో అక్షరానికి నాలుగు బైట్లు వాడే యూటీఎఫ్-32 లోకి మార్చి ఫ్రమ్‌బఫర్‌తో చదివా.

సున్నా_నుంచి
అక్కడే ఉంది. క 3093, వ 3125, ల 3122. మొదటి తేడా 32, రెండోది మైనస్ 3 రావాలి. యూఇంట్‌లో మైనస్‌కి చోటు లేదు, అందుకని చుట్టు తిరిగి 4294967293 అవుతుంది. సున్నా కంటే పెద్దదే కాబట్టి పాస్.

మైనస్‌లు కూడా పట్టే ఇంట్64 లోకి మారిస్తే సరిపోతుంది గానీ, అసలు తీసివేత ఎందుకు? మీకు కావాల్సింది ఎంత తేడా అన్నది కాదు, పెద్దదా కాదా అన్నదే. మొదటి అక్షరం వదిలేసిన ముక్క ఒకటి, చివరి అక్షరం వదిలేసిన ముక్క ఒకటి తీసుకోండి. రెండూ ఒకే పొడవు. మొదటి ముక్క రెండోదానికంటే పెద్దదా అని ఒక్క పోలిక. నిజం, అబద్ధం అని ఒక అర్రే వస్తుంది, అన్నీ నిజమైతే పాస్. పోలికలో ఈ చుట్టు తిరిగే గొడవే లేదు.

ఇంకోటి. యూటీఎఫ్-32 అని ఊరికే రాస్తే మొదట్లో 65279 అని, బైట్లు ఏ వరుసలో ఉన్నాయో చెప్పే గుర్తు ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఆ వరుస లిటిల్ ఎండియన్ అని స్పష్టంగా రాయండి, అది రాదు.

చేపలపులుసు
ఇంతకీ మన నెల్లూరు పాసా?

గుండ్లకమ్మ
ఫెయిల్. న, ల, ల, ర. ల రెండుసార్లు వచ్చింది, ఆపైన వెనక్కి ర దగ్గరికి వచ్చింది. మా ఒంగోలు చూడు: గ, ల. పాస్.

చేపలపులుసు
రెండు హల్లులతో పాసవడం ఒక పాసా. ఆ లెక్కన కోట కూడా పాసే. మూడు దాటితే మాట్లాడు.

గుండ్లకమ్మ
దర్శి: ద, ర, శ. పామూరు: ప, మ, ర. కొండపి: క, డ, ప. చాలా?

పెన్నా_గట్టు
దర్శి 1970కి ముందు నెల్లూరు జిల్లానే అబ్బయ్యా. కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి అన్నీ మన దగ్గర్నుంచి పోయినవే. కాబట్టి ఆ మార్కులో సగం మాది.

సున్నా_నుంచి
ఊర్ల గొడవ పక్కన పెట్టండయ్యా, దీంట్లో నిజంగా ఒక విషయం ఉంది. మన వైపు సగం ఊర్లు "ఊరు" అని ముగుస్తాయి, అంటే చివర ర. య దాకా ఏ హల్లైనా దాని ముందు ఉండొచ్చు. ల, వ, స లాంటివి ముందొచ్చాయా, పోయినట్టే. అందుకే గూడూరు పాస్, గుడ్లూరు ఫెయిల్. ఆ ఒక్క ల వల్లే. కోవూరుకి వ దెబ్బ.

ఏపీఎల్_తాత
ఇది చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మెయిన్‌ఫ్రేమ్ మీద ఏపీఎల్ అనే భాషలో ప్రోగ్రాంలు రాశాను. ఇప్పుడు రిటైరై నెల్లూరులో ఉన్నా. మీరు "రెండు ముక్కలు తీసుకుని పోల్చడం" అంటున్నదానికి ఏపీఎల్‌లో ముక్కలు కూడా తీయక్కర్లేదు. "రెండేసి చొప్పున తీసుకుని చిన్నదా అని అడుగు" అన్నది మూడు గుర్తులు. "అన్నీ నిజమేనా" అన్నది ఇంకో రెండు. మొత్తం ఐదు గుర్తులతో మాస్టారి ప్రశ్న అయిపోతుంది. ఆ ఐదూ కుడి నుంచి ఎడమకి చదువుకుంటూ పోవడమే.

ఈ భాషను కెనెత్ ఐవర్సన్ మొదట గణితం రాసుకునే పద్ధతిగానే కనిపెట్టాడు. 1962లో ఆయన పుస్తకం వచ్చింది, దాని పేరులోని మొదటి అక్షరాలే ఏపీఎల్. కంప్యూటర్ మీద నడిచే రూపం 1966లో ఐబీఎం 360 మీద వచ్చింది. 1979లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. 1990లో రోజర్ హుయితో కలిసి జే అనే భాష తెచ్చాడు, దానికి ఆ వింత గుర్తుల కీబోర్డు అవసరం లేదు. ఈ రోజు మీరు నంపైలో చేస్తున్న ఆలోచన అక్కడ పుట్టిందే.

నేను పిల్లలకు చెప్పేది ఒకటే. అక్షరం వెంట అక్షరం నడవకండి. మొత్తం వాక్యాన్ని ఒక్క వస్తువుగా చేతిలోకి తీసుకోండి, దాన్నే ఒక్క స్థానం జరిపి దాని పక్కనే పెట్టండి. అప్పుడు ప్రతి అక్షరం ఎదుట దాని పొరుగు అక్షరం ఉంటుంది. ఇలా చూడడం అలవాటైతే లూప్ అన్న ఆలోచనే రాదు.

రాత్రి_షిఫ్ట్
తాతగారూ గౌరవంతోనే అంటున్నా, ఇంత అవసరమా? మాట నుంచి హల్లులు తీసి, వాటిని సార్ట్ చేసి, అసలు దానితో సమానమా అని చూస్తే అయిపోతుంది. ఒక లైను. చదివిన వాడికి వెంటనే అర్థమవుతుంది.

సున్నా_నుంచి
దాంతో చిట్టమూరు పాసవుతుంది. చ, ట, ట, మ, ర. ట రెండుసార్లున్నా సార్ట్‌కి తేడా తెలీదు. మాస్టారికి కచ్చితంగా పెరగాలా, సమానం ఉన్నా పర్లేదా అన్నది ముందు తేలాలి.

కావలి_మాస్టారు
కచ్చితంగా పెరగాలి. ద్విత్వం వస్తే పిల్లలు తికమక పడతారు.

రాత్రి_షిఫ్ట్
అయితే రెగెక్స్, అంటే నమూనా రాసి వెతకడం. క నుంచి హ దాకా హల్లులన్నీ వరుసగా రాసి ఒక్కో దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఉంటే ఒకసారి, లేకపోతే లేదు. ద్విత్వం దానంతటదే పోతుంది. కావాలంటే ప్రశ్న గుర్తు బదులు నక్షత్రం, అప్పుడు ద్విత్వం కూడా పాస్.

ఏపీఎల్_తాత
బాగుంది నాయనా, అది సరైన సమాధానమే. మాట పాసా ఫెయిలా అన్నంత వరకూ అది చాలు. కానీ ఫెయిలైన మాటలో ఎక్కడ విరిగిందో అది చెప్పదు. పాసా ఫెయిలా అన్న ఒక్క ముక్క ఇస్తుంది. అర్రే పోలిక ఇచ్చేది ఒక మ్యాపు: ఇక్కడ పెరిగింది, ఇక్కడ తగ్గింది, ఇక్కడ సమానం. ఆ మ్యాపు ఒకసారి చేతికొస్తే పది ప్రశ్నలు అడగొచ్చు. ఒక్కసారి మాత్రమే విరిగిన మాటలేవి? అన్నీ తగ్గుతూ పోయేవేవి? మైపాడు చూడు: మ, ప, డ. పూర్తిగా వెనక్కి నడిచే ఊరు. రెగెక్స్‌కి ఇది కావాలంటే ఇంకో నమూనా మొదటి నుంచి రాయాలి. ఇక్కడ పోలిక గుర్తు తిప్పితే చాలు.

మైపాడు_అల
మా ఊరు పేరు ఇక్కడ చూడటం ఎంత బాగుందో. తడ కూడా అంతే, త తర్వాత డ.

పలకబలపం
ఒక సందేహం. మీరందరూ కోడ్ నంబర్లను వర్ణమాల అనుకుంటున్నారు. బళ్లో మేం నేర్చుకున్నది య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. యూనికోడ్‌లో ర పక్కనే ఱ ఉంది, ల పక్కనే ళ ఉంది. పిల్లల ఆటకు ఏది నమ్మాలి?

సున్నా_నుంచి
మంచి ప్రశ్న. ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123. ఆ తర్వాత పాత ళకారం ఒకటి 3124లో ఉంది, వ 3125. ధవళ తీసుకోండి: ధ, వ, ళ. బడి వరుసలో పాస్, యూనికోడ్ వరుసలో వ తర్వాత ళ వెనక్కి పోయింది కాబట్టి ఫెయిల్. మాళవ సరిగ్గా దానికి తలకిందులు: మ, ళ, వ. యూనికోడ్‌లో పాస్, బడిలో ఫెయిల్. కఱవు అని పాత పద్ధతిలో రాస్తే అదీ అంతే.

కావలి_మాస్టారు
పిల్లల చేతిలో ఉండేది గోడ మీది పటం. బడి వరుసే కావాలి.

సున్నా_నుంచి
అప్పుడు కోడ్ నంబర్లను నేరుగా పోల్చకూడదు. 65536 గడులున్న ర్యాంకు పట్టిక ఒకటి చేసుకోండి. అన్నిట్లో సున్నా నింపండి. తర్వాత క గడిలో 1, ఖ గడిలో 2, అలా మీ పటం ప్రకారం ఱ దాకా వేసుకుంటూ పోండి. ఒక్కో గడికి ఒక బైట్ చాలు, మొత్తం 64 కేబీ. ఇప్పుడు టెక్స్ట్ కోడ్‌ల అర్రేనే ఈ పట్టికకు ఇండెక్స్‌గా ఇస్తే ఒక్క దెబ్బకు ర్యాంకులన్నీ వస్తాయి. గుణింతాలు, అచ్చులు, సున్న, కామా అన్నీ సున్నాలే. హల్లులు మాత్రమే సున్నా కంటే ఎక్కువ. ఎవరి వరుస వాళ్లది, పట్టిక మారిస్తే చాలు, మిగతా ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు.

ఎమోజీలు 65535 దాటి ఉంటాయి. వాటి కోసం ఇండెక్స్ చేసేముందు 65535 దగ్గర మినిమం పెట్టండి.

పలకబలపం
క్ష సంగతి?

సున్నా_నుంచి
దానికి విడిగా కోడ్ లేదు. క, పొల్లు, ష అని మూడు నంబర్లు. ఒకే అక్షరంగా లెక్కేయాలంటే స్ట్రింగ్‌గా ఉన్నప్పుడే ఆ మూడింటినీ తీసి, ఎక్కడా వాడని ఒక గుర్తు పెట్టేయండి. పట్టికలో ఆ గుర్తుకి ళ కంటే ఎక్కువ, ఱ కంటే తక్కువ ర్యాంకు ఇవ్వండి.

చేపలపులుసు
పలకబలపం అడిగినట్టే నాదీ ఒక సందేహం, ఈసారి ఒంగోలు మీద. నిండుసున్నను ఎందుకు వదిలేస్తున్నారు? ఒంగోలు పలికేటప్పుడు గ ముందు ఙ పలుకుతుంది కదా. పాత తాటాకు పుస్తకాల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి, సున్న అంటే ఆ వర్గంలోని అనునాసికమే కదా?

గుండ్లకమ్మ
ఎక్కడికి పోతున్నావో తెలుస్తోంది నాకు.

ఏపీఎల్_తాత
చేపలపులుసు అన్నది నిజమే. పైగా దీంట్లో అందమైన సంగతి ఒకటుంది. క నుంచి మ దాకా ఐదు వర్గాలు, ఒక్కో వర్గంలో ఐదు అక్షరాలు, అనునాసికం ఎప్పుడూ ఐదోది. సున్న తర్వాత వర్గాక్షరం వస్తే, అది అదే వర్గంలోని మొదటి నాలుగింటిలో ఒకటి. అంటే సున్నను విప్పి రాస్తే ఐదోదాని తర్వాత దానికంటే ముందుది వస్తుంది. ప్రతిసారీ విరుగుతుంది, ఒక్క మినహాయింపు ఉండదు. ఒంగోలులో ఙ తర్వాత గ. కొండపిలో ణ తర్వాత డ. కంభంలో మ తర్వాత భ. ప్రోగ్రాం నడపక్కర్లేదు, మాట మధ్యలో వర్గాక్షరం ముందు సున్న ఉంటే ఫెయిలే.

చేపలపులుసు
నెల్లూరు ఫెయిల్, ఒంగోలు ఫెయిల్. ఇప్పుడు సమానం. రాత్రికి నిద్ర పడుతుంది.

గుండ్లకమ్మ
మాస్టారి నియమం సున్న వదిలేయమని. ఆట ఆయనది.

కావలి_మాస్టారు
ఆట వరకూ సున్న వదిలేద్దాం, కానీ తాతగారు చెప్పింది పిల్లలకు విడిగా చెప్తా. వర్గం, అనునాసికం పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. వాళ్లంతట వాళ్లే కనిపెట్టేట్టు చెయ్యొచ్చు.

ర్యాంకు పట్టిక పెట్టాను. మండలాలన్నీ సరిగ్గా వస్తున్నాయి. ఇప్పుడు పెద్ద ఫైలు. మాటల్ని విడగొట్టి ఒక్కో మాటకూ అర్రే చేస్తుంటే మళ్లీ లూపే అవుతోంది, వేగం ఏమీ పెరగలేదు.

సున్నా_నుంచి
విడగొట్టకండి. అసలు కిటుకు ఇదే. చిన్న చిన్న అర్రేలు లక్షల్లో చేస్తే నంపై వట్టి లూప్ కంటే కూడా నెమ్మదిస్తుంది, ఒక్కో పిలుపుకీ ఖర్చు ఉంటుంది. ఫైలంతా ఒకటే అర్రేగా ఉంచండి.

ముందు విరామాలు ఎక్కడున్నాయో గుర్తించండి: స్పేసు, కొత్త లైను, చుక్క, కామా. నిజం, అబద్ధం అర్రే. దాని మీద క్యుమ్‌సమ్ తీయండి. అంటే నడుస్తున్న మొత్తం: విరామం వచ్చినప్పుడల్లా లెక్క ఒకటి పెరుగుతుంది, అంటే ప్రతి అక్షరానికీ దాని మాట నంబరు వచ్చేసింది. ఒక్క లూప్ లేకుండా.

ఆ తర్వాత ర్యాంకు సున్నా ఉన్నవన్నీ తీసేయండి, ర్యాంకుల్లోంచీ మాట నంబర్లలోంచీ ఒకే ముసుగుతో (ఏది ఉంచాలో చెప్పే నిజం, అబద్ధం అర్రేతో). మిగిలింది హల్లులు, వాటి మాట నంబర్లు. ఇప్పుడు పక్కపక్క పోలిక: మాట నంబరు ఒకటే అయి ఉండి, ర్యాంకు పెరగని చోట "విరిగింది" అని గుర్తు. విరిగిన చోట్ల మాట నంబర్లను బిన్‌కౌంట్‌కి ఇవ్వండి, ఏ మాట ఎన్నిసార్లు విరిగిందో వస్తుంది. సున్నాసార్లు విరిగిన మాటలే మీ జవాబు.

బిన్‌కౌంట్‌కి మిన్‌లెంగ్త్ (కనీస పొడవు) ఇవ్వడం మర్చిపోవద్దు, విరామాల సంఖ్యకు ఒకటి కలిపి ఇవ్వండి. లేకపోతే చివర్లో విరగని మాటలుంటే అర్రే పొట్టిదైపోయి, పక్కదానితో పొడవు కలవదు.

కావలి_మాస్టారు
అద్భుతంగా ఉంది. ఎంటర్ నొక్కానో లేదో వచ్చేసింది. కాకపోతే ఆ, ఈ, ఓ, ఏ అన్నీ పాస్ జాబితాలో ఉన్నాయి. వాటిలో హల్లే లేదు!

ఏపీఎల్_తాత
అది తర్కం ప్రకారం సరైనదే మాస్టారూ. పోల్చడానికి జంట లేనప్పుడు తప్పిన జంటా లేదు. ఏపీఎల్‌లో కూడా ఖాళీ వరుస మీద "అన్నీ నిజమేనా" అని అడిగితే నిజం అనే వస్తుంది. కూడికకు ఖాళీ మీద సున్నా వచ్చినట్టే, గుణకారానికి ఒకటి వచ్చినట్టే. హల్లుల మాట నంబర్ల మీద ఇంకో బిన్‌కౌంట్ వేసి, మూడు హల్లులైనా ఉండాలని షరతు పెట్టండి.

కంభం_చెరువు
సాఫ్ట్‌వేర్ లాంటి మాటలు ఉన్నాయా ఫైల్లో? వాటి మధ్యలో కంటికి కనపడని 8204 ఉంటుంది, ఒత్తు పడకుండా ఆపడానికి. తెలుగు అక్షరం కానిదంతా విరామం అని రాసి ఉంటే మాట అక్కడ రెండుగా తెగుతుంది. 8204, 8205 రెండింటినీ విరామాల్లోంచి తప్పించండి. మా ఆఫీసులో వార్తల టెక్స్ట్ శుభ్రం చేసేటప్పుడు దీని వల్ల పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

కావలి_మాస్టారు
తప్పించాను. పాత వ్యాసాలే అయినా టైపు చేసినవాళ్లు అక్కడక్కడా వాడారు, చాలా మాటలు తెగి ఉన్నాయి.

రాత్రి_షిఫ్ట్
మెమరీ సంగతి ఎవరూ అనడం లేదు. కోటి అక్షరాలుంటే కోడ్‌లకే 40 ఎంబీ. క్యుమ్‌సమ్ మామూలుగా ఇంట్64, అది ఇంకో 80 ఎంబీ. మధ్యలో పుట్టే ముసుగు అర్రేలు వేరే. లూప్‌కి ఇవేవీ అక్కర్లేదు, ఒక్కో లైను చదువుకుంటూ పోతుంది.

సున్నా_నుంచి
ఒప్పుకుంటా. ఫైలు ఇంకా పెద్దదైతే లక్ష లైన్ల చొప్పున ముక్కలు చేసి నడపొచ్చు. లైను దగ్గరే కోస్తే ఏ మాటా తెగదు.

గుండ్లకమ్మ
ఇంతకీ మండలాల్లో అన్నిటికంటే పొడుగ్గా పాసైంది ఏది? పాత లెక్కలో నెల్లూరు 46, ప్రకాశం 56.

కావలి_మాస్టారు
నాలుగు హల్లులవి దొరికాయి. చేజర్ల: చ, జ, ర, ల. కొండాపురం: క, డ, ప, ర. కొమరోలు: క, మ, ర, ల. తాతగారి సున్న నియమం పెడితే కొండాపురం పోతుంది, డ ముందు సున్న ఉంది కాబట్టి. ఏ నియమానికైనా నిలబడేవి చేజర్ల, కొమరోలు.

పెన్నా_గట్టు
చేజర్ల మాది.

గుండ్లకమ్మ
కొమరోలు పాత ప్రకాశంది. డ్రా.

కంభం_చెరువు
కొమరోలు 1970 దాకా కర్నూలు జిల్లా. గిద్దలూరు, మార్కాపురం వైపంతా అంతే. కర్నూలు వాళ్లు ఈ చర్చ చదవకుండా చూసుకోండి.

మైపాడు_అల
నాకు కావాల్సింది కొంచెం వేరు. మాట హద్దులు పట్టించుకోకుండా, వర్ణమాలలో సరిగ్గా పక్కపక్క అక్షరాలు వరుసగా వచ్చే చోట్లు కావాలి. క ఖ గ లాగా. మా అమ్మాయికి వర్ణమాల వాక్యాల్లో దాక్కున్న చోట్లు చూపించాలని. స్లైడింగ్ విండో వ్యూ అని ఒకటుందటగా?

సున్నా_నుంచి
ఉంది, నంపై 1.20 నుంచి. మూడేసి అక్షరాల కిటికీలు కాపీ చేయకుండానే ఇస్తుంది. కానీ పొడవు ముందే చెప్పాలి. మీకు మూడైనా, నాలుగైనా, ఎంతైనా కావాలంటే ఇంకో దారి ఉంది. సున్నాలు తీసేశాక మిగిలిన ఒక్కో ర్యాంకులోంచి దాని స్థానం నంబరు తీసేయండి, ఈసారి ఇంట్64 లోకి మార్చి. అక్షరం ఒక మెట్టు పెరిగినప్పుడు స్థానమూ ఒకటి పెరుగుతుంది కదా, కాబట్టి వరుస నడుస్తున్నంతసేపూ ఈ తేడా మారదు. తేడా మారిన చోట్లు ఫ్లాట్‌నాన్‌జీరోతో పట్టుకుంటే వరుసల హద్దులు, ఆ హద్దుల మధ్య దూరాలే వరుసల పొడవులు.

దీనికి కోడ్ నంబర్లు అసలు పనికిరావు, పట్టికే కావాలి. న 3112, ప 3114. మధ్యలో 3113 ఖాళీ గడి. న నుంచి ప కి వెళ్లినా వరుస తెగిందంటుంది.

మైపాడు_అల
చేశాను! "దధిని" దొరికింది, ద ధ న. ఇంకోటి "రాలవు", ర ల వ. ఇది బడి పట్టికతోనే వచ్చింది, యూనికోడ్ వరుసతో రాలేదు. పూలు రాలవు అన్న వాక్యంలో వర్ణమాల ఉందని మా అమ్మాయికి చెప్తే నమ్మలేదు, తనే వేళ్లమీద లెక్కపెట్టుకుంది.

ఏపీఎల్_తాత
ఎంత మంచి ఉదాహరణ తల్లీ!

రాత్రి_షిఫ్ట్
తాతగారికి ఒక పరీక్ష. వీలైనన్ని తక్కువ హల్లులు తీసేసి మాటను వరుసలోకి తేవాలంటే? కందుకూరులో రెండో క తీసేస్తే క, ద, ర మిగులుతుంది. ఐదు గుర్తులతో అవుతుందా?

ఏపీఎల్_తాత
అది అంత తేలికగా లొంగదు. అత్యంత పొడవైన పెరిగే ఉపవరుస అన్న సమస్య అది. ప్రతి అక్షరం దగ్గరా తీసుకునే నిర్ణయం అంతకుముందు ఏం మిగిలిందన్న దాని మీద ఆధారపడుతుంది, అందుకే మొత్తాన్ని ఒకేసారి పోల్చడం కుదరదు. ఇక్కడ లూపే సరైన పనిముట్టు. ప్రతి పొడవుకీ ఇప్పటిదాకా దొరికిన అతి చిన్న చివరి ర్యాంకు ఒక జాబితాలో ఉంచుకుని, కొత్త అక్షరం ఎక్కడ పడుతుందో బైసెక్ట్‌తో సగం సగం చేసి వెతుకుతూ పోవాలి. ఏ పని అర్రేది, ఏ పని లూప్‌ది అన్నది తెలియడమే అసలు నేర్పు.

రాత్రి_షిఫ్ట్
ఈ మాట మీ నోటి నుంచి వినడం సంతోషంగా ఉంది.

పలకబలపం
ఇదంతా వర్ణమాల వరుస. నాకు ఇంకో రకం వరుస కావాలి. మా తాతయ్య పద్యాలు రాసేవారు. ఇంట్లో వాళ్ల పేర్లలోని అక్షరాలు అదే క్రమంలో, మధ్యలో వేరే అక్షరాలు ఉంచి, పద్యపాదాల్లో దాచేవారని నాన్న అంటారు. పద్యాలన్నీ టైపు చేసి పెట్టా. నానమ్మ పేరు కమల. ఏయే పాదాల్లో క, ఆ తర్వాత ఎక్కడో మ, ఆ తర్వాత ల ఉన్నాయో చూడాలి. ఒక్కో పాదం కంటితో చూస్తూ కూర్చోలేను.

సున్నా_నుంచి
లూప్ పేరు అక్షరాల మీద మాత్రమే, అంటే మూడుసార్లు. పాదాలెన్ని ఉన్నా అన్నీ కలిసే నడుస్తాయి.

పాదాలు మొదలయ్యే స్థానాలు ఒక అర్రే, ముగిసే స్థానాలు ఒక అర్రే. "ఇప్పుడెక్కడున్నాం" అన్నది మొదట్లో ప్రతి పాదం మొదలుకి ఒకటి తక్కువ. టెక్స్ట్‌లో క ఉన్న స్థానాలన్నీ తీసి, చివర్లో చాలా పెద్ద సంఖ్య ఒకటి అతికించండి. సెర్చ్‌సార్టెడ్‌తో, కుడి వైపు అని చెప్పి, ప్రతి పాదానికీ ఇప్పుడున్న చోటు తర్వాత మొదటి క ఎక్కడో అడగండి. జవాబు స్థానమే కొత్త "ఇప్పుడెక్కడున్నాం". తర్వాత మ తో అదే, ల తో అదే. ఇండెక్స్ చివరిది దాటకుండా క్లిప్ చేయండి. మూడూ అయ్యాక పాదం ముగింపు కంటే ముందే ఉన్నవి పాస్. దొరక్క పక్క పాదంలోకి వెళ్లిపోయినవి ఆ చివరి షరతు దగ్గర రాలిపోతాయి.

కంభం_చెరువు
ప్రతిసారీ మొదట దొరికినదాన్నే తీసుకుంటే, ఇంకో క తో దొరికే అవకాశం పోదా?

సున్నా_నుంచి
పోదు. ముందున్న క తీసుకుంటే మ వెతకడానికి ఎక్కువ చోటు మిగులుతుంది. వెనకాల క తో కుదిరే ఏ మ అయినా ముందు క తో కూడా కుదురుతుంది.

పలకబలపం
నడిచింది. కాకపోతే చాలా పాదాలు వస్తున్నాయి. క, మ, ల మామూలుగానే ఎక్కడైనా ఉండే అక్షరాలు కదా. తాతయ్య కావాలని దాచింది ఏదో, ఊరికే పడింది ఏదో ఎలా తెలుస్తుంది?

ఏపీఎల్_తాత
అక్షరాల మధ్య దూరాలు చూడమ్మా. కావాలని దాచేవాళ్లు చాలాసార్లు పాదం మొదటి అక్షరాల్లోనో, యతి స్థానంలోనో, సమాన దూరాల్లోనో పెడతారు. నీ దగ్గర మూడు స్థానాల అర్రేలూ ఉన్నాయి. మ లోంచి క, ల లోంచి మ తీసి, రెండు దూరాలూ సమానంగా ఉన్న పాదాలు ముందు చూడు. ఆ తర్వాత ఒక్కో పాదం కాకుండా పద్యం మొత్తం తీసుకుని, నాలుగు పాదాల మొదటి హల్లులు మాత్రమే ఒక అర్రేలో పెట్టి అదే వెతుకులాట చెయ్యి. గుణింతం కూడా కలవాలనుకుంటే హల్లు ర్యాంకును ఇరవైతో గుణించి దాని గుణింతం నంబరు కలుపు, అప్పుడు క వేరు, కా వేరు అవుతాయి. గుణింతాలు ఇరవైకి మించవు కాబట్టి ఒకదానితో ఒకటి కలిసిపోవు.

పలకబలపం
మొదటి హల్లులతో ఇప్పుడే నడుపుతున్నా. నాన్న పక్కనే కూర్చుని పద్యాలు పైకి చదువుతున్నారు. గుణింతం లెక్క రేపు పెడతా.